కృపావతి కుట్టే చెయ్యి

మా తమ్ముడు క్రీస్తుదాసు పెళ్ళాం పోయినప్పుడు ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు, జ్ఞాపకార్థ కూడికలోనూ ఏడవలేదు. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే తన గోళ్ళలో ఇరుక్కున్న నల్ల సిరా చూసుకుంటూ కూర్చున్నాడు. చూసినవాళ్ళు గుండె గట్టిదన్నారు. గట్టిదేమిటి నా మొహం! చిన్నప్పుడు కోడిపిల్ల చచ్చిపోతే అన్నం మానేసినవాడు వాడు. వాడి అక్కను, ఈ ఇన్నమ్మకు తెలియదా? వాడికి ఏమీ అనిపించడం మానేసింది, అంతే.

దాసు చెక్కమీద బొమ్మలు చెక్కి, వాటిని కాగితం మీద అచ్చువేసి, ఆ కాగితాలతో పుస్తకాలు చేస్తాడు. చాట్రాయిలో మా ఇంటి వెనక ఉన్న రేకుల షెడ్డే వాడి స్టూడియో. ఒకప్పుడు అందులో మామిడికాయలు ఏరి పెట్టెలకెత్తేవాళ్ళు. ఇప్పటికీ ఎండ ముదిరితే అక్కడ సొన వాసన వస్తుంది. తోటలు కొట్టేసి పామాయిలు వేస్తున్నారు గనుక చెక్కకు కొదవలేదు. విస్సన్నపేట రోడ్డులో కోత మిల్లుకు వెళ్ళి మామిడి పలకలు ఏరుకొచ్చి, నీడన ఆరబెట్టి, అద్దంలా నునుపు చేసుకుంటాడు. శుభలేఖలు వేస్తావా అని అడిగినవాళ్ళున్నారు. ఒక పుస్తకానికి ఏడాది పడుతుందంటే, జెరాక్స్ తీయించుకోరాదా అన్నవాళ్ళూ ఉన్నారు. అందులో మొదటిదాన్ని నేనే.

చెక్కడం, అచ్చువేయడం దాసు పని. కుట్టడం నా మరదలు కృపావతి పని. దారానికి మైనం రాసి, కాగితాల మడతలో సూది దించి, పుస్తకం విడిపోకుండా వీపు కట్టేది. ఎడంచేత్తో కట్టేది. ఆమెది పుర్రచేతి వాటం. చిన్నప్పుడు పుట్టింట్లో ఆ చేతిమీద వాత పెట్టారు. కాపురానికొచ్చాక మా అమ్మ ఎడంచేత్తో గరిటె ముట్టనిచ్చేది కాదు. చర్చిలో కానుకల సంచి ఎడంచేత్తో అందుకుంటే పక్కావిడ మోచేత్తో పొడిచేది. పాపం, కృప బయట అన్నిటికీ కుడిచెయ్యి అలవాటు చేసుకుంది. షెడ్డులో తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చుంటే మాత్రం సూది దానంతటదే ఎడంచేతిలోకి వెళ్ళిపోయేది. “ఇక్కడ నన్నెవరూ ఏమీ అనరు వదినా” అనేది. నిజమే, అక్కడ ఎవరమూ ఏమీ అనేవాళ్ళం కాదు.

పోయిన మామిడి సీజనులో వాళ్ళిద్దరూ తోట పుస్తకం మొదలుపెట్టారు. పూత, మంచు, పిందె, కాపలా మంచె, చిక్కం కర్రతో కాయ కోసే కూలీలు, లారీకెక్కే పెట్టెలు. ఒక్కో పేజీకి ఒక్కో చెక్క. ఆఖరి పేజీలో పుస్తకం కుట్టే మనిషి ఉండి తీరాలని దాసు పట్టు. కృప సిగ్గుపడింది. “నా మొహం ఎవరు చూస్తారండీ” అంటూనే పీట మీద కూర్చుంది. వాడు ఎదురుగా కూర్చుని, మనిషిని చూస్తూ, నేరుగా చెక్కమీదే నల్ల ఇంకుతో గీశాడు. టీ ఇవ్వడానికి వెళ్ళి చూశాను కదా, అచ్చం కృపే. వంచిన మెడ, పెదాల మధ్య దారం కొస, ఎడంచేతిలో సూది.

గీయడం అయ్యాక పొరపాటు కనిపెట్టింది కృపే. “ఏమండీ, అచ్చువేస్తే నాది కుడిచెయ్యి అయిపోతుంది కదా” అంది. చెక్కమీద బొమ్మ కాగితం మీదకు దిగితే తిరగబడుతుంది. ఎడమ కుడి అవుతుంది, కుడి ఎడమ అవుతుంది. అందుకే దాసు ఎప్పుడూ ముందు కాగితం మీద గీసుకుని, దాన్ని తిరగేసి చెక్కమీదకు ఎక్కిస్తాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ మరిచిపోలేదు. ఆ రోజు పెళ్ళాన్ని చూస్తూ చూస్తూ మరిచిపోయాడు. నుదురు కొట్టుకున్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. “రేపు ఇంకో చెక్క మీద గీస్తాలే” అన్నాడు. తెల్లారేసరికి కృపకు ఒళ్ళు కాలిపోతోంది. డెంగీ అన్నారు. ముందు నూజివీడు తీసుకెళ్ళాం, అక్కణ్ణుంచి విజయవాడ. ఆ వారంలోనే అంబులెన్సులో వెనక్కి తెచ్చుకున్నాం.

ఆ చెక్క షెడ్డులో బల్లమీదే ఉండిపోయింది. దాసు రోజూ పొద్దున్నే వెళ్ళి దాని ముందు కూర్చునేవాడు. ఉలులు నూరేవాడు. నూరిన ఉలినే మళ్ళీ నూరేవాడు. పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒకరోజు కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయాను. తినేసి చెయ్యి కడుక్కున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టరా నాయనా, ఒక్క మాట తిట్టు అనిపించింది.

విజయవాడలో వాడి పుస్తకాలు అమ్మిపెట్టే కామేశ్వరిగారు ఫోను చేశారు. “ఆఖరి పేజీ లేకపోయినా పర్వాలేదండీ, అలాగే కుట్టించి పంపేయండి” అన్నారు. దాసు “అలాగేనండీ” అన్నాడు. పంపలేదు. మళ్ళీ చేస్తే మళ్ళీ “అలాగేనండీ” అన్నాడు.

ఇక ఉండబట్టలేక ఒకరోజు వాడి ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను.

“ఆ చెక్క చెక్కుతావా, పొయ్యిలో పెట్టమంటావా?” అన్నాను.

“చెక్కితే అచ్చువెయ్యాలి. అచ్చువేస్తే కుడిచేత్తో కుట్టుద్దక్కా.”

“అయితే ఏంట్రా? మొహం కృపదేగా.”

“అందరూ కలిసి ఆ చెయ్యి మార్పించాలనే చూశారు. పోయాక నేను కూడా మార్చేసినట్టు అవుద్ది.”

“ట్రేసింగు కాగితం పెట్టి తిరగేసుకో. నువ్వు ఎప్పుడూ చేసే పనేగా.”

బల్ల కిందనుంచి ఇంకో చెక్క తీసి చూపించాడు. ఆ పని అప్పటికే చేశాడన్నమాట. గీతలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కృప మాత్రం లేదు. ఎవరో ఒకావిడ కూర్చుని కుట్టుకుంటోంది.

“ఇది తనని చూసి గీసింది కాదుగా” అన్నాడు. గొంతులో బాధ కూడా లేదు. కరెంటు బిల్లు చదివినట్టు చెప్పాడు. వాడిని పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఏం లాభం, కుదిపితే కదులుతాడు, వదిలితే మళ్ళీ అలాగే కూర్చుంటాడు.

తోటల్లో కాయ అయిపోయి, తొలకరికి మబ్బులు పడుతున్న రోజుల్లో షెడ్డు ఊడుస్తున్నాను. ఆ చెక్క అంచున పచ్చటి పొడి కనిపించింది. గోధుమపిండిలా మెత్తగా ఉంది. మామిడి చెక్కకు పురుగు ఇట్టే పడుతుంది, అందుకే దాసు అన్నిటికీ వేపనూనె పట్టిస్తూ ఉంటాడు. నూనె తగిలితే గీసిన బొమ్మ అలుక్కుపోతుందని దీని జోలికి వెళ్ళలేదు. కొంగుతో పొడి తుడిచి చూశాను. సూది మొనంత బెజ్జాలు. కృప చెంప మీద, మెడ మీద.

“ఒరేయ్ దాసూ! నువ్వలా చూస్తూ కూర్చో, అవతల పురుగు తినేస్తోంది!” అని అరిచాను.

వచ్చి చూశాడు. వేలితో ఆ బెజ్జాలు తడిమాడు. వేలికి అంటిన పొడి చాలాసేపు చూసుకున్నాడు. ఉంచుకుంటే చెక్క పురుగుపాలవుతుంది. అచ్చువేస్తే చెయ్యి మారిపోతుంది. ఇంత గీసుకుని, ఇన్నాళ్ళు కాపలా కాసి, ఏదో ఒకటి వదులుకోక తప్పదు.

“మొహమైనా మిగులుద్దిలే” అని ఉలి తీశాడు.

చెక్కడమంటే గీతను ఉంచి, చుట్టూ ఉన్నదంతా తీసేయడం. మెడ చుట్టూ తీశాడు, పెదాల చుట్టూ తీశాడు, సూది చుట్టూ వెంట్రుకవాసి కూడా జారకుండా తీశాడు. పొట్టు రాలి కాళ్ళ మీద పడుతుంటే దులుపుకోనైనా లేదు.

అచ్చువేసే రోజు కాగితం పట్టుకోవడానికి నన్ను రమ్మన్నాడు. ఆ పని కృప చేసేది. వాడు రోలరుతో చెక్కకు సిరా పట్టించాడు. నేను రెండు మూలలూ పట్టుకుని కాగితం దించాను. చెంచా వీపుతో అంతటా రుద్దాడు. ఓ మూల పట్టి మెల్లగా లేపాడు.

కృప వచ్చింది. చెంప మీద, మెడ మీద పురుగు తొలిచినచోట తెల్లటి చుక్కలు. కుడిచేత్తో కుడుతోంది. మా అమ్మ ఉంటే మురిసిపోయేది. చర్చిలో, బంతి భోజనాల దగ్గర, అందరిముందూ ఒదిగి ఒదిగి ఉండే కృప అది. మా షెడ్డులో కూర్చునే కృప కాదు.

“బాగానే దిగింది” అన్నాడు దాసు.

“ఏం బాగా దిగిందిరా! ఏం బాగా దిగింది! ఆ పిల్లను చచ్చాక కూడా బతకనివ్వరా?” అన్నాను. ఏమంటున్నానో నాకే తెలియలేదు. ఆ చెయ్యి చూడలేక పక్కనున్న తెల్ల కాగితం తీసి బొమ్మ మీద కప్పేశాను. కప్పి, రెండు చేతులతో గట్టిగా అదిమిపెట్టాను.

“తడి అచ్చక్కా, పాడవుద్ది” అంటూ దాసు నా చేతులు తప్పించి పై కాగితం లేపాడు. లేపినవాడు అలాగే నిలబడిపోయాడు.

కాగితం అడుగున సిరా అంటుకుంది. మామూలుగా అయితే అలా మరకపడ్డ కాగితాన్ని వాడు మూలకు విసిరేస్తాడు. దీన్ని తలుపు దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురులో పట్టుకున్నాడు. నేనూ వెళ్ళి చూశాను. ఒకసారి తిరగబడిన బొమ్మ రెండోసారి తిరగబడి మొదటికొచ్చింది. కృప ఎడంచేత్తో కుడుతోంది. పొగచూరినట్టు పలచగా, ఉందా లేదా అన్నట్టుగా ఉంది, కానీ మన కృపే.

దాసు బల్ల దగ్గరకొచ్చి చెక్కకు మళ్ళీ సిరా పట్టించాడు. అచ్చు తీశాడు. దానిమీద తెల్ల కాగితం పరిచి, ఈసారి తనే అరచేత్తో ఒత్తాడు. లేపాడు. మళ్ళీ ఎడంచెయ్యే.

“అన్ని పుస్తకాలకీ ఇదే పెడదాం” అన్నాడు.

“ఇదేంట్రా, ఇంత పలచగానా?” అన్నాను. “మొహం సరిగ్గా ఆనట్లేదు. కొనుక్కున్నవాళ్ళకి కనపడొద్దూ?”

“కళ్ళు మూసుకుంటే నాకిప్పుడు తను అంతే కనపడుతోందక్కా. రోజూ ఇంకొంచెం తగ్గిపోతోంది.”

వాడు ఆ కాగితాన్ని జాగ్రత్తగా తీగమీద వేసి, జారకుండా క్లిప్పు పెట్టాడు.

“ఇదైతే ఇంక తగ్గదు” అన్నాడు.