కడబూర

తిరుమలగిరి మిలిటరీ క్యాంపులో నిన్న సాయంత్రం బూర మోగగానే నా గుండె ఝల్లుమంది.

కడబూర మోగితే విశ్వాసులు పరలోకానికి ఎత్తబడతారని ఏడేళ్లప్పుడు సండేస్కూల్లో విన్నాను. మర్నాడే ఈ బూర మోగింది. ఇంట్లో అమ్మ లేదు. కత్తిపీట దగ్గర సగం తరిగిన బెండకాయలున్నాయి. దేవుడు నన్నెందుకు వదిలేశాడో అర్థమైంది. పక్కింటి యాదమ్మత్తకు ఇమ్మని సండేస్కూల్లో ఇచ్చిన సువార్త కరపత్రాన్ని సిగ్గుపడి పుస్తకాల సంచిలో దాచేశాను. అది పట్టుకుని ఏడుస్తూ ఆమె దగ్గరికి పరుగెత్తాను.

“అమ్మ ఎత్తబడింది అత్తా! మనిద్దరమే మిగిలిపోయాం.”

“ఎవరెత్తుకపోతరు బిడ్డా? చింతపండు కోసం దుకాణంకు పోయింది. పరేషాన్ గాకు,” అంటూ చదువురాని యాదమ్మత్త కరపత్రాన్ని కొంగున ముడేసుకుంది. “రేపు జెర చదివి చెప్పు.”

అమ్మ రాగానే భయం పోయింది. చదివి చెప్పమన్న మాటా మరిచిపోయాను.

అందులో ఏముందో తెలియకుండానే యాదమ్మత్త పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బూర వింటే నా భయమంతా ఆమె గురించే.