వేట్టితో మూడు గోల్ఫ్ మైదానాలు

నేను కోయంబత్తూరు దగ్గర ఒక నూలు మిల్లులో అతిథి గృహానికీ వాహనాలకూ సూపర్వైజరుగా పనిచేశాను. పదవీ విరమణకు మూడేళ్ళ ముందు, చిత్తిరై నెల మొదటి వారంలో, అంటే ఏప్రిల్ నడుమ, నన్ను కొండ మీది నగరానికి డ్యూటీ మీద పంపారు. పని, గోల్ఫ్ మైదానం ఎంపిక చెయ్యడం.

యంత్రాల కంపెనీ నుంచి ఇద్దరు విదేశీయులు వస్తున్నారు. మా పెద్ద మొదలాళి, అంటే మిల్లు యజమాని, వాళ్ళతో ఒక పూట ఆడి, ఆపైన యంత్రాల మాట ఎత్తాలని ఏర్పాటు. అక్కడి క్లబ్బుల్లో మాకు సభ్యత్వం లేదు. సభ్యులు కానివాళ్ళు కూడా ఫీజు కట్టి ఆడే మైదానాన్ని పబ్లిక్ కోర్సు అంటారు. మేనేజరు ఫోనులో వెతికి అలాంటివి మూడు రాసిచ్చాడు. వాటి పేర్లు ఇక్కడ రాయను. అక్కడి గేటు కాపలావాళ్ళు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు.

“రంగసామన్నా, నువ్వు పెద్దగా చూసేది ఏమీ లేదు. ఏది పచ్చగా ఉండాదో చెప్పు, చాలు” అన్నాడు మేనేజరు. ఆయన ఎం.బి.ఎ., నేను ఎనిమిదో తరగతి. కానీ ఎవరో అతిథి వదిలిపోయిన గోల్ఫ్ నిబంధనల పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివినవాణ్ణి. ఇంట్లో మాట తెలుగే అయినా బడిలో చదివింది అరవం, తెలుగు అక్షరాలు కూడా నలభై దాటాక అట్లా నేర్చుకున్నవే. మేనేజరు ఆ పుస్తకం అట్ట కూడా తెరవలేదు. అప్పుడు ఈ మాట అనలేదు కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మొదలాళికి డెబ్భై దాటాయి. కినత్తుకడవు పక్క కొబ్బరితోటలో పెరిగిన మనిషి. మిల్లుకైనా కలెక్టరాఫీసుకైనా వేట్టితోనే పోతారు. ఆంధ్రాలో పంచె అనేదే మాకు వేట్టి. డాక్టరు నడవమన్నాడని ముసలితనంలో గోల్ఫ్ మొదలుపెట్టి, తోటలోనే గుంటలు తవ్వించి, వేట్టి మోకాళ్ళదాకా మడిచికట్టి ఆడేవారు. విదేశీయుల ఎదుట ఆయన్ను ఎవరైనా గేటులో ఆపితే నోరు తెరవరు, కారెక్కి కిందికి వచ్చేస్తారు. యంత్రాలు పోతాయి, పరువూ పోతుంది. మూడు మైదానాలూ ‘అందరికీ ఆహ్వానం’ అనే చెప్పుకున్నాయి. ఆ అందరిలో మా మొదలాళి ఉన్నారా అన్నదే నేను తేల్చవలసింది.

అందుకని ఆయన కట్టేలాంటి తెల్ల వేట్టి కట్టి, భుజాన తుండు వేసుకుని, మిల్లు జీపును కొండ కింద మేట్టుపాళయంలోనే వదిలి బస్సెక్కాను. జీపులో దిగితే గేటు వేరే రకంగా తెరుచుకుంటుంది.

మొదటి మైదానంలో పద్దెనిమిది హోల్స్. ఒక హోలు అంటే బంతి కొట్టే చోటు నుంచి జెండా పాతిన గుంట దాకా. కాపలావాడు నన్ను క్యాడీల గేటుకు పొమ్మన్నాడు. క్యాడీ ఆటగాడి సంచి మోసేవాడు. ఆడటానికే వచ్చానంటే, “పొద్దున్నే ఎగతాళి చెయ్యొద్దు పెద్దాయనా” అని అరవంలో అన్నాడు. బోర్డు చూపించాడు: కాలరు చొక్కా, ప్యాంటు, బూట్లు. నా చొక్కాకు కాలరు ఉంది. మూడింట ఒకటి ప్యాసు.

రెండోచోట మర్యాద ఎక్కువ. వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. రెండు గంటల తర్వాత సెక్రటరీ వచ్చి, నేను ఏ సభ్యుడి కారు నడుపుతానని అడిగాడు. టీ బాగుంది. రిపోర్టులో అదీ రాశాను.

మూడోది తేయాకు తోటల నడుమ తొమ్మిది హోల్స్. జెండాలు వెలిసిపోయాయి, ఐదో హోలులో ఆవులు మేస్తున్నాయి. కౌంటరులోని ఆమె నా వేట్టి చూసి, “తడి గడ్డి, చెప్పులు జారుతాయి. బూట్లిస్తాను, సైజు చెప్పండి” అంది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఏ కౌంటరులోనూ నా కాళ్ళ సైజు అడగలేదు. మంచు దిగే వేళ, వ్యాను తిప్పుకునే చోటు, ఆసుపత్రి దూరం తనిఖీ ఫారంలో నింపి, దీన్నే సిఫారసు చేశాను.

“ఆవులు మేసే చోటికా అన్నా, దొరల్ని పిలుచుకొని పొయ్యేది?” అన్నాడు మేనేజరు.

“ఆవుల్ని లోపలికి రానిచ్చినారు సామీ. తక్కిన రెండు చోట్ల నన్ను రానియ్యలేదు” అన్నాను.

మొదలాళి రిపోర్టు చదివి సంతకం పెట్టారు.

ఆట రోజు ఉదయం వ్యాను దగ్గరికి ఆయన ప్యాంటు వేసుకుని వచ్చారు. కొత్త ప్యాంటు, బెల్టు కూడా. మూడో హెయిర్‌పిన్ మలుపు దాకా ఓర్చుకున్నాను.

“ఏంటికయ్యా ప్యాంటు?”

“కొండ మీద చలి గదరా. కాళ్ళు వణికితే బంతి ఎట్ల తగిలేది? నువ్వు అడిగివుంటే చెప్పివుందునే.”

పై మలుపుల్లో మేనేజరుకు వాంతులు పట్టుకున్నాయి. ఆట జతలుగా, నలుగురికి కుదిర్చింది, నాలుగోవాడు మేనేజరే. ఆయన నిమ్మకాయ వాసన చూస్తూ వ్యానులో పడుకుంటే మొదలాళి నావైపు తిరిగారు. “నువ్వే రా రంగసామీ. పుస్తకం చదివినావు గదా.” కౌంటరు ఆమె బూట్లు తెచ్చింది. సైజు ఆమెకు గుర్తుంది.

నేను వేట్టి మడిచికట్టి ఆడాను. మొదటి హోలు నాలుగు దెబ్బల్లో ముగియాలి, నాకు పదకొండు పట్టాయి. ఐదో హోలులో ఒక అతిథి బంతి ఎండిన పేడ పక్కన ఆగింది. బంతి కదలకుండా పేడను తీసెయ్యవచ్చు, రాలిన ఆకుతో సమానం, దెబ్బ లెక్కలోకి రాదు అని చెప్పాను. అతను ఫోనులో నిబంధన చూసుకుని తల ఊపాడు. మొదలాళి ఆవు వైపు చూస్తూ నిలబడ్డారు.

మూడు నెలలకు, ఆడి నెలలో, యంత్రాలు వచ్చాయి. దానికీ ఆ ఆటకూ సంబంధం లేదని మేనేజరు అంటాడు. ఆ పూట ఆయన వ్యానులో ఉన్నాడు.

ఒక చోటు అందరిదా కాదా అని తెలియాలంటే, అక్కడికి పోయే మనిషి బట్టల్లోనే పోయి చూడాలి. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కాకపోతే ఆ మనిషి ఏ బట్టలు వేసుకుంటాడో ముందుగా ఆయన్నే అడగాలి. నేను అడగలేదు. తర్వాతి వారం తనిఖీ ఫారం తిరగరాసి, అన్నిటికంటే పైన కొత్త గడి ఒకటి చేర్చాను: ‘వెళ్ళేవారిని అడిగారా?’