పెళ్లికూతురికి చల్లగాలి

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. నవ్వకండి. ఉద్యోగ విరమణ చేసి అప్పటికి ఏడాదే అయింది. రిటైరైనవాళ్ల లెక్కలో నాది బొడ్డూడని వయసు. చేతినిండా తీరిక, ఫోన్‌నిండా వీడియోలు, నాకు చేతకాని పని ఈ లోకంలో లేదన్న ధీమా. వీటికి తోడు డైరీ. పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాక ఒక్క రోజూ తప్పలేదు. (రాయడమే గాని వెనక్కి తిప్పి చదివే అలవాటు నాకు లేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.)

ఆ మే నెలలో మా బావమరిది కూతురి పెళ్లి. వాళ్లది టెక్కలి, పెళ్లి మా పలాస చర్చిలో. పిల్లని నా కారులో తెస్తానని, చెమటచుక్క పట్టనివ్వనని పదిమందిలో మాటిచ్చాను. "మావయ్యా, నా మేకప్పు ఇంక నీ సేతిలోనే ఉంది" అని ఆ పిల్ల మురిసిపోయింది. తీరా పెళ్లి పది రోజులుందనగా చూస్తే, కారు ఏసీలోంచి గాలి ఉందా లేదా అన్నట్టు వస్తోంది. "కాశీబుగ్గలో మెకానిక్కుకి సూపించండి, బేగి అయిపోద్ది" అంది మా ఆవిడ. కానీ గ్యాసు తగ్గిందని నేను అప్పటికే తీర్పు చెప్పేశాను. ఇంట్లోనే నింపుకునే గ్యాసు డబ్బాలు రెండు, ముల్లు తిరిగే మీటరున్న గొట్టంతో సహా, ఆన్‌లైన్లో తెప్పించాను. అవి పెళ్లి ముందురోజు పొద్దున్న చేరాయి.

చర్చి అలంకరణ చూసుకోవడానికి వచ్చిన బావమరిది మా వాకిట్లో ఆగిపోయాడు. నేను నల్లకళ్లద్దాలు, చేతులకు తొడుగులు, చెవి మీద పెన్నుతో బానెట్ ముందు నిలబడి ఉన్నాను.

"ఏటి బావా, కారుకి ఆపరేసనా?"

"మాటాడకు. గ్యాసెక్కించడానికి టైము సూసుకుంతన్నాను."

ఇంజను, ఏసీ ఆన్ చేసి గొట్టం బిగించాను. ముల్లు వెళ్లి పచ్చరంగులో నిలబడింది. "పచ్చలోనే ఉంది కదా బావా, అంటే సాల్నట్టే కదా?" అన్నాడతను. "పచ్చలో ఈ సివరుంది. ఆ సివరికి తోలాల" అన్నాను. (డబ్బా మీద కూడా పచ్చ చాలనే రాసి ఉంది. కానీ మొదలెట్టిన పని సగంలో వదలడం నా పద్ధతి కాదు, డబ్బా సగం మిగల్చడం అంతకన్నా కాదు.) మొదటిది ఖాళీ అయింది. గాలి అంతే సన్నగా వస్తోంది. రెండోది బిగించి, అది ఎక్కేలోగా సమయం వృథా కాకూడదని డైరీ తీసి రాసేశాను: "ఏసీ గ్యాసు స్వయంగా నింపితిని. పని పూర్తి."

పెన్ను మూత పెట్టేసరికి ముల్లు ఎర్రరంగులో ఉంది. లోపల ఏదో టక్కుమంది. గాలి చూడమని నేను కారులో కూర్చోబెట్టిన బావమరిది చేయి గాలికి అడ్డం పెట్టి చూసి, "బావా, పొయ్యి ముందర కూకున్నట్టుంది!" అని బయటికి దూకాడు. అంతవరకూ వేళాకోళమాడిన మనిషి ముఖం వాడిపోయింది. "రేపు నా కూతురు ఎలా వస్తాది బావా?" అన్నాడు. నేను డైరీ మూసి కాశీబుగ్గ మెకానిక్కుకి ఫోన్ చేశాను.

మధ్యాహ్నం మెకానిక్కు వచ్చాడు. బానెట్ జోలికే పోలేదు. గాలి వచ్చేచోట చేయి పెట్టి, "గాలే తిన్నగా రానప్పుడు గ్యాసేటి సేత్తాది సారూ?" అంటూ డ్యాష్‌బోర్డు అర ఊడదీశాడు. దాని వెనకున్న ఫిల్టరు మీద నల్లగా అట్టకట్టిన గుడ్డ ఒకటి, నాలుగు మూలలా పొందికగా కట్టి ఉంది. మా ఆవిడ ఒక అంచు దులిపి చూసింది.

"ఇది మా తమ్ముడు పెట్టిన నీలం జాకెట్టు ముక్క కాదేటి! మూడేళ్లయి ఎతుకుతన్నాను!"

ఆ ముడులు ఎవరివో వేరే చెప్పనక్కర్లేదు. నేను మెల్లగా లోపలికి జారుకుని, మూడేళ్ల నాటి డైరీ దింపి వెతికాను. నా దస్తూరీయే: "జీడిపిక్కల బట్టీ పొగ కారులోకి వచ్చుచున్నది. ఫిల్టరుకు పాత గుడ్డ కట్టితిని. వారం తర్వాత తీయవలెను."

మెకానిక్కు ఆ గుడ్డ తీసేసి, మిషన్ పెట్టి నేను కూరిన గ్యాసంతా లాగేసి, కొలిచి మళ్లీ ఎక్కించాడు. మర్నాడు పెళ్లికూతురు తెల్లచీరలో నా పక్కన కూర్చుంది. టెక్కలి దాటి సగం దారి వచ్చామో లేదో, "మావయ్యా, సలేత్తంది, కొంచెం తగ్గించవా" అంది. "ఉండనీ అమ్మా, అది మావయ్య స్వయంగా నింపిన గ్యాసు" అన్నాడు వెనక సీట్లోంచి బావమరిది.

ఇప్పుడు పాత డైరీలు తిప్పి చదవడం అలవాటు చేసుకున్నాను. రాసింది కొట్టేయడం నా పద్ధతి కాదు కనుక ఆ "పని పూర్తి" అలాగే ఉంది. మొన్న చూస్తే దాని కింద మా ఆవిడ రాత కనబడింది: "నీలం జాకెట్టు ముక్క ముట్టినది." ఎప్పుడు రాసిందో అడగలేదు. ఆ అరవై ఒక్కేళ్ల కుర్రాణ్ణి తలచుకుని నవ్వుకుంటూ పేజీ తిప్పాను.