నాయనమ్మ రాయికి మూడు పూతలు

మా బావ ఈ ఏడాది కూడా క్యాలెండరు వేయించాడు. పన్నెండు నెలలకీ పన్నెండు బొమ్మలు: పాత చర్చిలు, పాత బడులు, సమాధుల దొడ్లు. కొత్త సంవత్సరం నాడు నలుగురికీ పంచడానికి ఇంతకంటే మంగళకరమైనవి దొరకలేదా అని మా అక్క అడిగితే, సమాధుల్ని చూస్తే మనిషి వేళకి నిద్రలేస్తాడని చెప్పాడట. రాయగడలో మా ఇంటి వంటగదిలో, ఫ్రిజ్ పక్కనున్న మేకుకి దాన్ని తగిలించి, ఒక్కొక్క కాగితమే తిప్పుతూ ఏప్రిల్ దగ్గర ఆగిపోయాను. మిగతా పదకొండు బొమ్మల్లోనూ నరమానవుడు లేడు. ఇందులో మాత్రం తెల్లగా మెరిసిపోతున్న ఒక సమాధి, దానికి చెరోపక్కా పదేసి మంది. అందరూ గడ్డాలు పైకెత్తి, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నారు.

ఆ ఊపిరి సంగతి ముందు చెప్పాలి. మా బావ ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీశాడు. రిటైరయ్యాక కెమెరా కొన్నాడు గాని పాత అలవాటు పోలేదు. ఎవరి ఫోటో తీసినా భుజాలు సర్ది, గడ్డం ఎత్తించి, ఊపిరి పట్టండి అంటాడు. క్లిక్కుమన్నాక వదలండి అంటాడు. ఆయన వదలమనడం మరిచిపోయిన రోజున పెళ్ళివారొకరు కళ్ళు తేలేసినంత పని చేశారు. ఒకసారి మునిగుడ అవతల పెంకులు రాలిపోయిన మిషను బడి ముందు నిలబడి కూడా అదే మాట అన్నాడు. నేను నవ్వితే, బడికి కాదు, నీకే చెబుతున్నాను, నువ్వు వెనక రొప్పుతుంటే స్టాండు కదులుతోంది అన్నాడు. నేను మునిసిపాలిటీలో జనన మరణాల రిజిస్టరు రాసి రిటైరైనవాణ్ణి. స్కూటరు వెనక కెమెరా స్టాండు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం, రాళ్ళ మీది పేర్లు నోటుపుస్తకంలో ఎక్కించడం నా పని. ఇంటిపేరు లేకుండా చెక్కిన రాయి కనపడితే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. పోయినవాళ్ళని లేపి ఫారం నింపించేలా ఉన్నావని బావ వెక్కిరించేవాడు.

ఈ పనిలేని తిరుగుడుకి ఒక పని అప్పజెప్పింది మా మేనత్త. ఎనభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, ఊరూరా నర్సుగా చేసి, చివరికి మా ఇంట్లో స్థిరపడింది. ఆవిడ తల్లి, అంటే మా నాయనమ్మ, కల్యాణసింగ్‌పూర్ దాటాక కొండ కింద ఒక పల్లెలో మిషను బడి పంతులమ్మ. అత్తకి ఐదో ఏట ఆవిడ జ్వరంతో పోతే, అక్కడే సమాధి చేసి రాయి నిలబెట్టారు. అత్తనీ మా నాన్ననీ బొబ్బిలి చుట్టాలు తీసుకుపోయారు. ఫోటో అన్నది లేదు, అత్తకి తల్లి ముఖం గుర్తులేదు. రాతి మీద పేరు కింద ఏదో వాక్యం చెక్కారని మాత్రం గుర్తు. అప్పటికి ఆవిడకి అక్షరాలు రావు. అక్షరాలొచ్చాక వెళ్దాం వెళ్దాం అంటూనే జీవితం డ్యూటీల్లో గడిచిపోయింది. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆ రోజు ఆసుపత్రి నుంచి వస్తూనే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

“ఒరే సిన్నోడా, ఊళ్ళోవోళ్ళ సమాదులన్నీ ఫోటోలు తీస్తన్నారు కదా. మా యమ్మ రాయి మీద ఏటి రాసుందో తెచ్చి సూపించండ్రా. ఈ కన్నుండగానే నేను సదూకోవాల” అంది.

ముందటేడాది వానలు వెనకబట్టాక వెళ్ళాం. ఆ పల్లె సంఘపెద్ద తాతలు పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడతాడు. ఆయనే తీగలు తప్పించి రాయి చూపించాడు. వానలకి నాచు పట్టి నల్లగా ఉంది. పేరు తెలుస్తోంది, దాని కింద వాక్యం సగం పూడిపోయి ఉంది. నేను పుల్ల తీసుకుని గీకబోతే బావ గయ్యిమన్నాడు. పాత రాతిని గీకకూడదట. మిట్టమధ్యాహ్నం ఎండలో అక్షరం లేవదట, పొద్దున్నే ఏటవాలు వెలుగు పడితే పూడిన గీత కూడా ఫోటోలో తేలుతుందట. వచ్చే శనివారం తెల్లారేసరికి వస్తామని, ఈలోగా దేన్నీ ముట్టుకోవద్దని, నాచు కూడా అలాగే ఉండనివ్వమని సంఘపెద్దకి మూడుసార్లు చెప్పాడు. అక్కడే పప్పులో కాలేశాడు. మా వైపు చుట్టం వచ్చి టీ వద్దంటే పెట్టకుండా ఊరుకుంటామా? మూడుసార్లు వద్దన్నాడంటే ఎంత మర్యాదస్థుడో అనుకుని ఊరు ఊరంతా పనిలోకి దిగింది.

శనివారం నాడు మలుపు తిరగ్గానే కొండ కింద తెల్లగా ఏదో మెరిసింది. బావ స్కూటరు ఆపేశాడు. సమాధుల దొడ్డంతా సున్నం. చర్చి తలుపులకి నీలం రంగు. మా నాయనమ్మ రాయి కోడిగుడ్డంత నున్నగా ఉంది, దాని మీద బంతిపూల దండ. ఆడవాళ్ళు పండగ చీరలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. మిగతావాటికి ఒకటే పూత వేశామని, మనవడు వస్తున్నాడు కనక దీనికి మూడు వేయించామని, నాచంతా ఇనప బ్రష్షుతో తోమించామని సంఘపెద్ద మురిసిపోతూ చెప్పాడు. వాక్యం మాట అటుంచి, పేరు కూడా లేదు. ఇక ఎక్స్‌రే తియ్యి బావా అన్నాను, కడుపు మండి. ఆయన నావైపు చూసిన చూపుకి నాకే ఊపిరి ఆగింది.

సంఘపెద్ద అటు తిరగ్గానే జేబులోంచి తాళంచెవి తీసి ఒక మూల గీకబోయాను. వెనకనుంచి ఒక ముసలమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఏటి బాబూ అది? నిన్ననే కదా ఏసేను” అంది.

అప్పుడు తెలిసింది. అక్కడ ఈస్టరు ముందు వారం ఎవరి సమాధులకి వాళ్ళు సున్నం వేసుకుంటారు. అయినవాళ్ళు లేని సమాధుల్ని తలా ఒకటి పంచుకుంటారు. మా నాయనమ్మది ఈవిడ వంతు. అంతకుముందు ఈవిడ తల్లి వంతు. ఆ తల్లి చేత మొదట పలక పట్టించింది మా నాయనమ్మేనట. ఎన్నేళ్ళనుంచి వేస్తున్నారని అడిగితే, ఊహ తెలిసినకాణ్ణించి అంది. కింద ఏం రాసుందో ఈవిడకి తెలియదు. చదవడం వచ్చిన తల్లి ఎప్పుడూ చెప్పలేదట. అన్నేళ్ళ సున్నమే ఆ అక్షరాల్ని పూడ్చిందన్నమాట. అయినవాళ్ళు లేని సమాధి అన్న మాట నాకు చెంప మీద కొట్టినట్టయింది. తాళంచెవి జేబులో పెట్టేసుకున్నాను. బావ అందర్నీ చెరోపక్కా నిలబెట్టి, ఊపిరి పట్టించి, ఫోటో తీశాడు.

దారి పొడుగునా బావ నాకు అబద్ధం నేర్పాడు. కీర్తనల్లోంచి ఏదో ఒక వాక్యం చెప్పెయ్యి, ఆవిడ వెళ్ళి చూసొస్తుందా అన్నాడు. రుజువు చూడకుండా ఒక్క పేరైనా రాయని చెయ్యి నాది. అయినా సరేనన్నాను, ఆ కంటికి ఏమీ లేదని చెప్పే ధైర్యం లేక. ఇంటికొచ్చి ఫోటోని టీవీలో పెట్టాం. అత్త కుర్చీ జరుపుకుని, ముక్కు టీవీకి ఆనించి చూసింది. నేను గొంతు సవరించుకున్నాను. కాని ఆవిడ వాక్యం సంగతి అడగలేదు. సున్నం ఎవరు వేశారని అడిగింది. ఇక అబద్ధం ఆడలేక ముసలమ్మ సంగతీ, వాళ్ళమ్మ పలక సంగతీ, అక్షరాలు పూడిపోయిన సంగతీ అన్నీ చెప్పేశాను.

“దిక్కులేకుండా పడుంటాదనుకున్నానురా. ఏ మొకం పెట్టుకుని ఎల్తానని సిగ్గేసి ఎల్లలేదు ఇన్నాళ్ళూ. మా యమ్మ ఒంటరిగా లేదన్నమాట” అంది. తరవాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏం చెయ్యాలో తోచక బావ రిమోటు తీసుకుని ఫోటోకి సౌండు తగ్గించాడు.

ఆ తరవాతి ఈస్టరుకి ముందు వారం అత్తని ఆటోలో, నడుముకి దిండు పెట్టి తీసుకెళ్ళాం. ఈలోగా బావ రాతి పనివాడొకణ్ణి వెతికి పట్టుకున్నాడు. రాయి చెడకుండా సున్నం పొరలు పొరలుగా ఒలిచేసి అక్షరాలు బయటికి తెస్తాడట. ఆ మాట అత్తకి చెప్పాడు కూడా. అత్త రాతి మీద అరచెయ్యి ఆనించి, కిందినుంచి పైదాకా నెమ్మదిగా తడిమింది. ముసలమ్మ సున్నం బకెట్టుతో పక్కనే నిలబడి ఉంది.

“ఉండనివ్వండి అల్లుడుగోరూ. ఆ కుంచె ఇలా ఇమ్మనండి” అంది అత్త.

అక్షరాలు ఎక్కడుంటాయో సరిగ్గా అక్కడే మొదలుపెట్టి, కొంత రాతి మీద, కొంత చీర మీద, కొంత మా బావ బూట్ల మీద, ఒక పూత నిండుగా వేసింది. పోయిన కాలం రాతిలో పదిలంగా ఉంటుందని అంతవరకూ నమ్మాను. అది ఉండేది, ఎవరో ఒకరు ఏటేటా కుంచె పట్టుకుని వెళ్ళినన్నాళ్ళే.