చూసిరాని చోటికి మనిషిని పంపని కాక

కాక పోయాడన్న కబురు నాకు బడిలో, మూడో పీరియడు పాఠం చెప్తుండగా అందింది. ఫోన్ చేసింది మా తమ్ముడు. "ఎవలు చెప్పిండ్రు నీకు?" అని అడిగాను. "ఎవలో చెప్పుడేందక్కా, నేను ఈన్నే ఉన్న, చిన్నమ్మ పక్కన" అన్నాడు. అప్పటికి గానీ నమ్మలేదు. చావు కబురును కూడా ఎదురు ప్రశ్న వెయ్యకుండా తీసుకోలేని ఈ బుద్ధి సగం నాకు పుట్టుకతో వచ్చింది, మిగతా సగం ఆయన దగ్గర అంటింది. తెలంగాణ వచ్చిన సంబరం ఇంకా తగ్గలేదు. పెద్దపల్లి బస్టాండులో కట్టిన కాగితం జెండాలు వానకు తడిసి వేలాడుతున్నాయి. వాటి కింద నిలబడి గోదావరిఖని బస్సు కోసం చూశాను. ఏడుపు మాత్రం బస్సెక్కి కూర్చున్నాక వచ్చింది.

ఆయన మాకు రక్తసంబంధి కాడు. బొగ్గు కంపెనీ క్వార్టర్లలో మా పక్క ఇల్లు. నాయిన కంటే నాలుగేళ్లు చిన్న కాబట్టి కాక, ఆయన భార్య చిన్నమ్మ. బొగ్గుబాయిలో సర్దారు పని చేసేవాడు. తెలియనివాళ్లకు చెప్పాలంటే, షిఫ్టు మనుషులు పనిచోటికి వెళ్లకముందే సర్దారు ఒక్కడూ వెళ్లి చేతికర్రతో గని పైకప్పును కొట్టి వినాలి. గట్టి బండ ఖణేలుమంటుంది. విడిపోయిన బండ డొల్లగా పలుకుతుంది. ఆయన సరేనన్నాకే మిగతావాళ్లు లోపలికి వెళ్తారు. ముందు షిఫ్టు సర్దారు చూసి వెళ్లినా సరే, తర్వాతి సర్దారు మళ్లీ కొట్టి చూడాల్సిందే. "నిన్న మోగిన కప్పు ఇయ్యాల గుడ మోగుతనని రాసిచ్చిందా ఏంది?" అనేవాడు. బాయిలో సంగతేమో గానీ, ఇంటి దగ్గర పాలవాడి మీద, కూరగాయల బండి మీద, చివరికి ఆకాశంలో మబ్బు మీద కూడా ఆయనది అదే లెక్క.

మా క్వార్టర్ల వరుసలో ఎవరు హైదరాబాదు పోవాలన్నా ముందు ఆయన వరండాలో కూర్చోవాల్సిందే. దవాఖానకైనా, పరీక్షకైనా, ఊరికే చూసి రావడానికైనా. ఊరు చూపించేవాళ్లు ఊరి గొప్పలు చెప్తారు. ఈయన ఊరి మీద ఫిర్యాదు ఇస్తున్నట్టు చెప్పేవాడు.

"సికింద్రాబాద్‌ల బండి ఆగంగనే ఉరుకకు. ఉరికెటోళ్లను ముందు పోనియ్యి. బయటికి రాంగనే ఆటోలోడు యాడికక్కా అంటడు. యాడికో చెప్పినవనుకో, ఐపాయె. ఏం మాట్లాడకుండ సిటీ బస్సుల కాడికి నడువు. బస్సు నంబరు నీ కండ్లతోని చూడు, పక్కోన్ని అడుగకు."

చార్మినార్‌కు దుకాణాలు తెరవకముందే పోవాలి. షట్టర్లు వేసి ఉంటేనే అది కంటికి ఆనుతుందని ఆయన వాదన. మ్యూజియంలో గడియారం గంట కొట్టేటప్పుడు అందరూ బొమ్మ వైపు చూస్తారు, మనం మన సంచి వైపు చూడాలి. బోర్డు మీద బిర్యానీ బొమ్మ ఎంత పెద్దగా ఉంటే ఆ హోటల్ నుంచి అంత దూరం నడవాలి. ఇరానీ చాయ్ తాగవచ్చు, కానీ వంటింటి వైపు ముఖం పెట్టి కూర్చోవాలి. తిరుగు దారిలో యాదగిరిగుట్టలో దిగితే దేవునికి దండం పెట్టుకోవచ్చు, చెప్పులు మాత్రం సంచిలో వేసుకోవాలి. భువనగిరి కోట గుట్ట వాన పడిన రోజు ఎక్కకూడదు. ఆయన నోరారా మెచ్చుకున్నది ఒక్క గోల్కొండనే. "కింద దర్వాజ కాడ సప్పట్లు కొడితే గుట్ట మీదికి ఇనవడ్తది. ఎవలొస్తున్నరో ముందుగాలనే తెల్వాలెనని గట్ల కట్టిండ్రు. కట్టినోడు నాలెక్కటోడు బిడ్డా" అని నవ్వేవాడు.

ఇన్ని సంగతులు ఆయనకెలా తెలుసు? అనుమానం అక్కడ మొదలైంది. నెలకోసారి, వారపు సెలవు నాడు, కాక తెల్ల అంగీ తొడుక్కుని రామగుండం స్టేషనులో పొద్దటి బండి ఎక్కేవాడు. చిన్నమ్మ సద్ది కట్టి ఇచ్చేది. ఆ రోజే తిరిగొచ్చేవాడు. దవాఖాన లేదు, పెళ్లి లేదు, చుట్టాలు లేరు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకునే ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. "పట్నంల చిన్నిల్లు ఉన్నదేమో" అని ఒకామె అంటే, "ఉంటదుంటది" అని ఇంకొకామె. నేను డిగ్రీ చదివినదాన్ని కాబట్టి సాక్ష్యం లేకుండా ఒప్పుకోనన్నాను. ఆ చలికాలం పట్నం బండికి పోతున్న ఆయన సంచిలో సీతాఫలాలు కనబడ్డాయి. నాకు ఆ సాక్ష్యం సరిపోయింది.

అప్పుడే అమ్మకు గుండెలో కవాటం చెడిందని తేలింది. కంపెనీ దవాఖానవాళ్లు హైదరాబాదుకు కాగితం రాసిచ్చారు. నాయినకు సెలవు ఆపరేషన్ రోజు నుంచే దొరికింది. రెండు రోజుల ముందు అమ్మను పట్నం తీసుకెళ్లే పని నాది. బయల్దేరే ముందు రోజు సాయంత్రం కాక మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వదినెను లాడ్జిల దించకు బిడ్డా. దవాఖాన ఎనుక గల్లీల ఒక ఇల్లున్నది. ముసలామె ఒక్కతే ఉంటది, ముందటి అర్ర కిరాయికిస్తది. నేను పంపిన్నని చెప్పు."

"ఆమె నీకేమైతది కాకా?" అన్నాను.

"ఏం గాదు."

"ఏం గాకుంటే సీతాఫలాలెందుకు?"

గొంతు తగ్గించి అనవచ్చు. తగ్గించలేదు. పక్క వరండాలో చిన్నమ్మ బియ్యం ఏరుతోంది, ఎదురుగా నల్లా దగ్గర నలుగురున్నారు. అందరికీ వినబడాలనే అన్నాను. ఆయన "వదినె పైలం, మంచిగ చూసుకో" అని చెప్పి వెళ్లిపోయాడు. గెలిచానని అనుకున్నాను. నా అంత మూర్ఖురాలు ఆ పూట గోదావరిఖనిలో ఇంకొకతె లేదు.

పంతానికి దవాఖాన ఎదురుగానే లాడ్జి తీసుకున్నాను. గది మూడో అంతస్తులో. లిఫ్టు ఉందా అని అడిగితే ఉందన్నారు. అది నడుస్తుందా అని నేను అడగలేదు. రెండో అంతస్తు మెట్ల మీద అమ్మ కూలబడింది. పెదవులు నల్లబడ్డాయి, మాట రావడం లేదు. ఎవరో ఇద్దరు చేతుల మీద కిందికి దించారు. డాక్టరు చూసి, మనిషి తేరుకునేదాకా ఆపరేషన్ వాయిదా అన్నాడు, నన్ను నాలుగు మాటలు కూడా అన్నాడు. అమ్మ, "మీ కాక చెప్పిన ఇల్లు దగ్గరేనా బిడ్డా?" అని మాత్రం అడిగింది.

దగ్గరే. గేటు దగ్గర మెట్టు లేదు. ముందు గదిలో మంచం, ఎదురుగా కిటికీ. డెబ్బై దాటిన ఆమె మమ్మల్ని చూసి, "సర్దారు పంపిండా?" అంది. అమ్మ పడుకున్నాక చాయ్ పెట్టిచ్చి చెప్పింది.

"నెలకోసారి వస్తడు. నల్లా తిప్పి చూస్తడు. మంచం మీద కూసొని లేస్తడు. బాత్రూం గడియ బయటికెంచి తీయొస్తదా అని చూస్తడు, లోపల పేషంటు పడిపోతే ఎట్ల అంటడు. ఈడికెంచి దవాఖాన దాక ముసలోని లెక్క నిమ్మళంగ నడిచి, ఎంతసేపైతదో చూసుకొని వస్తడు. ఇగ మనుషులను పంపొచ్చునా అమ్మా అని అడిగి పోతడు. చాయ్ తాగుమంటే గేటు కాడనే నిలవడి తాగుతడు."

"సీతాఫలాలు?"

"మీ దిక్కువి తియ్యగుంటయని నేనే ఒకసారి అన్న. నోట్ల మెత్తగుంటయి గద. గది మనసుల పెట్టుకొని తెచ్చిండు."

ఆమె ఇంకో సంగతి చెప్పింది. చాలా ఏళ్ల కిందట కాక ఎవరో చెప్పిన మాట పట్టుకుని తమ వరుసలోని ముసలి దంపతులను ఒక సత్రానికి పంపాడట. వాళ్లు వెళ్లేసరికి సత్రం మూసేసి ఉంది. జ్వరంతో ఉన్న మనిషి వానలో తెల్లవార్లూ కూర్చున్నాడట. అప్పటి నుంచి, తను చూసిరాని చోటికి మనిషిని పంపడం మానేశాడు. నేను ఆ చాయ్ తాగలేకపోయాను.

అమ్మకు ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి రాగానే ముందు చిన్నమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పాను. ఆమె చేటలోంచి తలెత్తలేదు. "ఆయన సంగతి నాకు తెల్వదా బిడ్డా? కానీ నువ్వు నలుగుట్ల అన్నవు. గంత మంది విన్నంక నేను సద్ది కడితే నన్ను చూసి నవ్వరా?" ఆ నెల చిన్నమ్మ సద్ది కట్టలేదు. ఆయన అడగలేదు. పట్నం ప్రయాణం ఆగిపోయింది.

ఆయన దగ్గరికి వెళ్లి, "తప్పైంది కాకా" అన్నాను. సైకిలు తుడుచుకుంటున్నాడు. కోపం లేదు, అదే చూసి నాకు భయమేసింది.

"అనుమానపడుడు తప్పు గాదు బిడ్డా. నేను పొద్దందాక చేసే పని గదే. నువ్వు చూసి రాకముందే చెప్పినవు. గది తప్పు."

నేను నల్లా దగ్గర నిలబడి నా తప్పు నా నోటితోనే చెప్పాను. ఆడవాళ్లు అయ్యో అన్నారు. చిన్నమ్మ మళ్లీ సద్ది కట్టింది కూడా. ఆయనే ముట్టుకోలేదు. ఆ తర్వాత వరండాకు ఎవరొచ్చి హైదరాబాదు గురించి అడిగినా, "నేను చూసిరాక శానా రోజులైంది. చూడంది చెప్ప" అని పంపించేసేవాడు. ఎంత బతిమాలినా గోల్కొండ గురించి కూడా చెప్పలేదు. మా వరుస మనుషులు ఆటోవాళ్ల చేతుల్లో పడుతూ లేస్తూ పట్నం పోయి వస్తుంటే, ఆ పాపమంతా నాదేనని నాకు అనిపించేది. అట్లా ఏళ్లు గడిచాయి. ఆయన రిటైరై డ్యూటీ దిగిపోయాడు. మాతో అన్నీ మాట్లాడేవాడు, పట్నం మాట తప్ప.

రాష్ట్రం వస్తుందా రాదా అని అందరూ టీవీల ముందు కూర్చున్న రోజుల్లో ఆయనకు ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇంట్లో నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. హైదరాబాదుకు కాగితం రాసిచ్చారు. నన్ను ఎవరూ అడగలేదు. ఆదివారం పొద్దటి బండికి నేనే వెళ్లాను. ముసలామె పోయింది, ఆ ఇంటి చోట అపార్టుమెంటు లేచింది. గల్లీ గల్లీ తిరిగి నాలుగు గదులు వద్దనుకుని అయిదోది ఒప్పుకున్నాను. నల్లా తిప్పాను. మంచం మీద కూర్చుని లేచాను. దవాఖాన దాకా మెల్లగా నడిచి, మధ్యలో రెండు చోట్ల ఆగి, ఎంతసేపైందో చూసుకున్నాను. ఇదంతా ఆయనకు చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. గది దొరికిందని చిన్నమ్మతో అన్నాను, అంతే.

ముగ్గురం కలిసే వెళ్లాం. గేటు దగ్గర కాక ఆగాడు. గదిని పరీక్ష చేస్తాడని నేను పక్కకు జరిగాను. ఆయన నా భుజం పట్టుకుని గడప దాటాడు. కప్పు వైపు చూడలేదు, గోడ తట్టలేదు, ఎవర్నీ ఏమీ అడగలేదు. నేరుగా వెళ్లి మంచం మీద వాలాడు. నేను సంచులు లోపల పెట్టేలోపే గురక వినబడింది.

చిన్నమ్మ ఆయన కాళ్ల మీద దుప్పటి కప్పింది. "కొత్త జాగల ఈయనకు నిద్రపట్టుడు నేను ఎన్నడు చూడలే" అంది మెల్లగా. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం దాకా వచ్చింది. ఆయన ఒక చెయ్యి మంచం అంచు మీంచి కిందికి జారి, వేళ్లు వదులుగా విచ్చుకుని ఉన్నాయి.