కేబుల్ ట్రేకి కట్టిన ఉయ్యాల

ఈ రోజు గుంటూరు దగ్గర ఒక మిర్చి షెడ్డులో మేం బిగించిన కేబుల్ ట్రేలు చూడటానికి వెళ్లాను. కరెంటు తీగలు మోసే ఆ ఇనప ట్రేలు ఎంత బరువు ఆపాలో అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం లెక్కగట్టింది నేనే. తీరా చూస్తే ఒక ట్రేకి చీరతో కట్టిన ఉయ్యాల, అందులో నిద్రపోతున్న పసిపాప.

“విప్పేయమ్మా, పైన కరెంటు తీగలున్నాయి” అన్నాను.

మిరపకాయల తొడిమలు తీస్తున్న తల్లి తలెత్తింది. “కింద పడుకోబెడితే ఘాటుకి దగ్గుద్దండి. ఈ షెడ్డు మొత్తంలో మీరు బిగించిందే గట్టిగా ఉంది.”

నా పనిని ఇంతగా మెచ్చుకున్నవాళ్లు ఇంతవరకూ లేరు. అయినా దగ్గరుండి విప్పించాను. గేటు దాటేదాకా పాప దగ్గు వినపడుతూనే ఉంది.

ట్రే ఇప్పుడు ప్రమాణాల ప్రకారమే ఉంది. పాపని ఎక్కడ పడుకోబెట్టాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.