చెప్పుల లెక్క

నా చిన్నప్పటి ఒక ఆదివారం, హత్నూర దారిలో మా పెద్దమ్మ నడిపే లాడ్జిలో ఉన్నవి ఇవి: కిరాయి గదులు నాలుగు, భోజనాల హాలు ఒకటి, వెనక రేకుల షెడ్డు కింద ఫంక్షన్ల జాగా, నూట ఇరవై మందికి వంట, సన్నాయివాళ్లు ఇద్దరు, అబ్బాయి తరఫువాళ్ల జీపు, కాగితం పెన్సిలుతో నేను. నాకు అప్పుడు పదేళ్లు.

మామూలు రోజుల్లో ఆ గదుల్లో ఫ్యాక్టరీలకు మిషన్లు బిగించడానికి వచ్చే ఫిట్టర్లు దిగేవారు. ఎవరికి రొట్టె కావాలో, ఎవరికి అన్నం కావాలో మా పెద్దమ్మ అడగకుండానే పెట్టేది. ఆ రోజు మాత్రం గదులన్నీ ఒక నిశ్చితార్థానికి ఇచ్చింది. అమ్మాయి తండ్రి గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ కార్మికుడు. అంతకు ముందు ఏడాది కుదిరిన సంబంధం మర్యాద తక్కువైందన్న ఒక్క మాట మీద తప్పిపోయింది. అందుకే ఆయన పొద్దున్నుంచీ కుదురుగా ఒక్కచోట ఉండలేదు.

ఎందరు తిన్నారో చూడమని పెద్దమ్మ నాకు చెప్పింది. నేను మొదటి బంతిలోనే తినేసి, హాలు గుమ్మం దగ్గర నిలబడి, బంతి బంతికీ చెప్పుల జతలు లెక్కపెట్టాను. నలభై నాలుగు, నలభై ఒకటి, ముప్పై ఐదు. మొత్తం నూట ఇరవై. వెళ్లి వంటాయనతో అందరూ తిన్నారని చెప్పాను. ఆయన పొయ్యి ఆర్పి, మిగిలిన అన్నం ఇరుగుపొరుగుకు పంచడానికి బకెట్లలోకి ఎత్తసాగాడు.

పెద్దమ్మ నా కాగితం చూసింది. కూడిక తప్పు లేదంది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"తిన్నోళ్లను లెక్కవెట్టినవ్ బిడ్డా. ఇగ తిననోళ్లను లెక్కవెడదాం, రా."

జీపులో డ్రైవరు నిద్రపోతున్నాడు. షెడ్డు వెనక సన్నాయివాళ్లు బీడీలు కాలుస్తూ పిలుపు కోసం చూస్తున్నారు. మూడో గదిలో అబ్బాయి నాయనమ్మ మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. మా ప్రాంతంలో పిల్లనిచ్చేవాళ్లు వచ్చి పిలిస్తే తప్ప అబ్బాయి తరఫు పెద్దలు అన్నానికి లేవరు. ఆమెను పిలిచే పని ఒకరు చేశారని మరొకరు అనుకున్నారు. అమ్మాయి తండ్రి ఫ్యాక్టరీ స్నేహితులు డ్యూటీ దిగి వస్తూ, పిలవని మరో నలుగురిని వెంట తెచ్చారు. వాళ్ల బూట్లు నా లెక్కలో ఈ తినని నలుగురి జాగాను నింపేశాయి.

"నన్నెవలన్న పిలిచిన్రా?" అంది ముసలామె, మా వైపు తిరగకుండానే.

"నీకు పండ్లు లేవని బువ్వ మెత్తగ ఉడకవెట్టిస్తున్న అవ్వా. గందుకే ఆలస్యమైంది" అంది పెద్దమ్మ.

"పండ్లు లేకుంటేంది, నోరున్నది గదా. అడిగేటోళ్లే లేరు."

పెద్దమ్మ వంటింటికి నడిచి పొయ్యి మళ్లీ వెలిగించింది. బకెట్లోంచి నాలుగు గరిటెల అన్నం తీసి, నీళ్లు పోసి ఉడికించింది. అమ్మాయి తండ్రికి విషయం చెవిలో చెప్పి, చెంబు చేతిలో పెట్టింది. ఆయనే గదిలోకి వెళ్లి, వంగి మర్యాదగా అన్నానికి పిలిచి, ముసలామె చేతుల మీద నీళ్లు పోశాడు. ఆమె తినడం అవుతుండగా కోడలు, అంటే అబ్బాయి తల్లి, తలుపు దగ్గరికి వచ్చి, తిన్నావా అత్తమ్మా అని అడిగింది. అమ్మాయి తండ్రి చెంబు కింద పెట్టి ముసలామె వైపు చూశాడు.

"తింటున్న. బువ్వ మెత్తగున్నది" అంది ముసలామె.

ఆ సంబంధం నిలిచింది. డ్రైవరుకీ సన్నాయివాళ్లకీ పెద్దమ్మ తనే వడ్డించింది. తప్పు నాదని ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు నేను ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ పని చూస్తాను. డ్రిల్ సైరన్ మోగినప్పుడు బయటికి వచ్చినవారిని లెక్కించి మొత్తం సరిపోయిందని ఊరుకోను. గేటు రిజిస్టరు పట్టుకుని, రానివారి పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తాను.

ఆ ఆదివారం తిననివారు నలుగురని చాలా ఏళ్లు అనుకున్నాను. సాయంత్రం వంట గుండిగలు తోమించి, చివరికి చాయ్‌లో రొట్టె ముంచుకున్న మా పెద్దమ్మను కలిపితే, ఐదుగురు.